తెరమీది పాఠము – గురువు స్థానము

మన యిండ్లలో అక్షరాభ్యాసము ఒక చిన్న పండుగ. పళ్లెములో బియ్యము పోసి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ చిన్ని వ్రేలిని తన చేతితో పట్టుకొని గురువు ఓనమాలు దిద్దించును. అక్షరమును చూపుటయే ప్రయోజనమైనచో గోడమీద వ్రాసి చూపినను సరిపోవును. కాని మన పెద్దలు వ్రేలిని పట్టుకొనుటయే ముఖ్యమని తలచిరి. వ్రేలు ఎచ్చట తడబడుచున్నదో, ఎచ్చట పెడదారి పట్టుచున్నదో, పట్టుకొన్న చేతికి వెంటనే తెలియును. నేడు పాఠము తెరమీదికి ఎక్కినది. తెరమీది గురువు అక్షరమును రంగులలో చూపగలడు, పదిమార్లు చూపగలడు. కాని వ్రేలిని పట్టుకొనుట ఎట్లు? ఆన్‌లైన్ విద్యను గూర్చి జరుగుచున్న చర్చలలో ఈ ప్రశ్నకు దక్కవలసినంత చోటు దక్కలేదని నా యభిప్రాయము.

నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా కాగితములు త్రిప్పి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు మన చంద్రపూరు తెలుగువారి స్థితియే కారణము. బొగ్గుగనులకు, కాగితపు మిల్లునకు, రైలు పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబములు మనలో కొన్ని; సరిహద్దు కదలుటచే ఈ రాష్ట్రమున చేరినవి మరికొన్ని. రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. 1982లో గడచిరోలి వేరు జిల్లా యగువరకు సిరొంచా మన జిల్లాలోనిదే. మన పిల్లలు బడిలో మరాఠీ, హిందీ, ఆంగ్లము చదువుదురు. ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు మరాఠీని తప్పనిసరి చేయుచు 2020లో చట్టము వచ్చినది. అది న్యాయమే, ఏ నేల అన్నము తినుచున్నామో ఆ నేల భాష మనకు రావలెను. ఇక తెలుగునకు మిగిలిన చోటు ఇల్లు. ఆ యింటిలోని ఫోను. కావున ఆన్‌లైన్ విద్య మంచిదా చెడ్డదా యను చర్చ మనకు కాలక్షేపము కాదు. మన మనుమలు తెలుగు చదువగలుగుదురా లేదా యనునది చాలవరకు దానిమీదనే ఆధారపడియున్నది.

2020 మార్చిలో దేశమంతట బడులు మూతపడినవి. మా మనుమరాలు ఆ యేడు అయిదవ తరగతిలో ప్రవేశించినది. ఉదయము పది గంటలకు ఫోను ముందు కూర్చుండెడిది. హాజరు పిలువగానే ‘ఎస్ టీచర్’ అనెడిది. పిమ్మట కెమెరా మూసెడిది. నేను పక్కగదిలో వార్తాపత్రిక చదువుకొనుచు, చదువు సాగుచున్నదని సంతోషించుచుంటిని. ఒకనాడు ఊరక ఆమె నోటుపుస్తకము తెరచితిని. ఎనిమిది దినముల పుటలు తెల్లగా నుండెను. ఇదేమమ్మా యని యడుగగా, “మొదటిరోజు భిన్నాలు అర్థం కాలేదు తాతయ్యా. టీచర్ అడగలేదు, నేను చెప్పలేదు” అన్నది.

నాకు బిడ్డపై కోపము రాలేదు. ఆ ఉపాధ్యాయినిపైనను రాలేదు. అరువదిమంది పేర్లు చిన్న చిన్న గడులలో కనబడుచుండగా, ఏ గడి వెనుక ఏ బిడ్డ దిక్కుతోచక కూర్చున్నదో ఆమె యెట్లెరుగును? తరగతి గదిలో నైనచో ఆ మొగము చూచినంతనే తెలిసియుండును. హాజరుపట్టీలో మాత్రము ఎనిమిది దినములును హాజరే. గుమాస్తాగా నేనెరిగిన సత్యమొకటి అచ్చట మరల ఎదురైనది. రిజిస్టరు నిండుట వేరు, పని జరుగుట వేరు.

ఇది మా యొక్క యింటి కథ మాత్రమే కాదు. గ్రామీణ బాలల చదువును గూర్చిన ‘అసర్’ నివేదిక ప్రకారము, బడిలో చేరిన పిల్లల యిండ్లలో స్మార్ట్‌ఫోను గలవి 2018లో నూటికి 36.5 కాగా, 2020 నాటికి 61.8 అయినవి. అయినను సర్వేకు ముందటి వారములో బడినుండి ఏదైన పాఠ్యసామగ్రి అందిన పిల్లలు నూటికి సుమారు 36 మందియే. పరికరము ఇల్లు చేరినంత వేగముగా పాఠము చేరలేదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠములు ప్రసారమైనవి. పాఠము టీవీలో వచ్చుచున్నను, బిడ్డలు చూచిరో లేదో విచారించుట, వారు చేసిన అభ్యాసములను పరిశీలించుట ఉపాధ్యాయుల పనిగానే మిగిలినది. అనగా ప్రసారము గురువును తొలగింపలేదు. గురువు చేయవలసిన పని యేదో దానిని మరింత స్పష్టముగా చూపినది.

ఈ మాట చెప్పగానే కొందరు మిత్రులు ఏకలవ్యుని పేరెత్తుదురు. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని అతడు విలువిద్య నేర్వలేదా? ఫోనులోని బొమ్మ ఏమి తక్కువ? అని వాదింతురు. ఈ వాదమును కొంచెము పరీక్షింతము. భారతములో ఏకలవ్యుడు నేర్చిన మాట నిజము. అయితే నేర్పినది బొమ్మ కాదు, అతని శ్రద్ధయే. అటువంటి పట్టుదల కోటికొక్కనికి పుట్టును. కోటికొక్కని కథను చూపి తక్కిన పిల్లలందరికి బొమ్మ చాలునని చెప్పుట, ఈత వచ్చినవానిని చూపి అందరిని నూతిలో త్రోయుట వంటిది. మరియొక సంగతి. ఆ శిష్యుని యభ్యాస కాలమంతటిలో ద్రోణుడు ఒక్కనాడును వచ్చి బాణము పట్టు సరిచేయలేదు. వచ్చినది దక్షిణ యడుగుటకు మాత్రమే, అడిగినది బొటనవ్రేలిని. బిడ్డ నోటుపుస్తకమును ఎన్నడును చూడక, రుసుము గడువునాడు మాత్రము తప్పక గుర్తుచేయు ఆన్‌లైన్ తరగతులను చూచినప్పుడు నాకు ఆ కథలోని ఈ భాగమే జ్ఞప్తికి వచ్చును.

ఇక రెండవ వాదము. ‘ఉపాధ్యాయుడిక బోధకుడు కాడు, మార్గదర్శకుడు మాత్రమే’ యను మాట నేడు సభలలో విరివిగా వినబడుచున్నది. మాట మంచిదే. కాని ఆ ‘మాత్రమే’ యను పదముతో నాకు పేచీ. మార్గదర్శకత్వము బోధనకంటె తేలికయైన పని యన్నట్లు ఆ పదము ధ్వనించుచున్నది. దారి చెప్పువాడు ముందుగా బాటసారి ఎచ్చట నిలిచియున్నాడో తెలిసికొనవలెను కదా! నాగపూరునకు దారి బల్లార్షా నుండి అడుగువానికి ఒకటి, వార్ధా నుండి అడుగువానికి మరియొకటి. బోధించువాడు పాఠము నెరిగిన చాలును. దారి చూపువాడు పాఠమును, పిల్లవానిని ఉభయులను ఎరుగవలెను. కనుక ఆన్‌లైన్ విద్యలో గురువు పని తగ్గలేదు, రెట్టింపైనది.

దీనిని మన తెలుగువారిలో ముందుగా గ్రహించినవారు కలరు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమైనది. దేశములో ఆ తరగతి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. నేడది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నున్నది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డిగారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపకులపతి యైరి. పుస్తకములు టపాలో పంపి ఊరకుండిన చాలదని ఎరిగి, అధ్యయన కేంద్రములు పెట్టి, అచ్చట విద్యార్థుల సందేహములు తీర్చుటకు అధ్యాపకులను నియమించిరి. విద్యార్థి వ్రాసి పంపిన జవాబును అధ్యాపకుడు చదివి, వ్యాఖ్య వ్రాసి, తిరిగి పంపుట దూరవిద్యకు ప్రాణము. మార్కు వేయుట వేరు, వ్యాఖ్య వ్రాయుట వేరు. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా హెడ్ క్లర్కు నా డ్రాఫ్టులను కొట్టివేసెడివారు కారు, అంచున “ఈ మాట ఎందుకు?” అని వ్రాసి పంపెడివారు. నాకు ఉత్తరము వ్రాయుట వచ్చినది ఆ అంచులలోని ప్రశ్నలవలననే.

ఇప్పుడు మా మనుమరాలి తెలుగు చదువునకు వత్తును. మొదట ఒక వీడియో పాఠమాల కొంటిమి. బొమ్మలు, పాటలు, అన్నియు ముచ్చటగానే యున్నవి. పరీక్షలో మాత్రము ఆమె ‘తెలుగు’ అనుటకు ‘తేలుగు’ అని గుర్తించుచుండెను. తెరమీద ఎర్రని గుర్తు పడెడిది. మరల ప్రయత్నించుమను ఆజ్ఞ వచ్చెడిది. ఆమె మరల అదియే తప్పు చేసెడిది. విసుగెత్తి, నాకు తెలుగు రాదు తాతయ్యా యని ఫోను ప్రక్కన పెట్టినది. పిమ్మట ఒక ఉపాధ్యాయిని వద్ద ఆన్‌లైన్‌లోనే చేర్చితిమి. ఆమె మొదటి దినమున పాఠము చెప్పలేదు. పుస్తకమును కెమెరాకు చూపుమని, పైకి చదువుమని, బడిలో ఏ భాషలో చదువుచున్నావని అడిగినది. మరాఠీ యనగానే ఆమెకు గుట్టు తెలిసినది. మరాఠీ లిపిలో ఎ-ఏలకు, ఒ-ఓలకు వేర్వేరు గుర్తులు లేవు. బిడ్డ చెవికి ఆ భేదము అలవాటు కాలేదు. ఒక వారమంతయు ఆమె మెడ-మేడ, తెగ-తేగ, కొన-కోన యని జంటపదములతో ఆడించినది. మా పిల్ల “మేడ ఎక్కి మెడ వంచి చూస్తా” నని యింటిలో తిరుగసాగినది. నెల తిరుగకముందే ఆ తప్పు పోయినది.

ఇచ్చట గమనింపుడు. రెండింటను తెర యొకటే, ఫోనొకటే, పాఠ మొకటే. వీడియోకు తప్పు తెలిసినది. గురువునకు తప్పునకు కారణము తెలిసినది. నా విమర్శ అంతయు ఈ భేదములోనే యున్నది. నేను తెరను నిందించుట లేదు. తెర లేకున్నచో చంద్రపూరులోని బిడ్డకు అటువంటి ఉపాధ్యాయిని దొరికియుండెడిది కాదు.

మన రాష్ట్రములోనే దీనికి గొప్ప ఉదాహరణము కలదు. సోలాపూరు జిల్లా పరితేవాడి జిల్లాపరిషత్ బడి ఉపాధ్యాయులు రణజిత్‌సింహ్ డిసలేగారికి 2020లో ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము వచ్చినది. పాఠ్యపుస్తకములలో క్యూఆర్ కోడులు ముద్రించి, వానిద్వారా పాటలు, పాఠములు పిల్లలకు అందించినవారని అందరు ఆయనను పొగడిరి. కాని ఆయన అంతకుముందు చేసిన పని యొకటి కలదు. ఆ బడిపిల్లల యింటిభాష కన్నడము. పుస్తకముల భాష వేరు. ఆయన కన్నడము నేర్చుకొని పుస్తకములను వారి భాషలోనికి మార్చెను. కోడు పిమ్మట వచ్చినది. బిడ్డ నోటి మాటను వినుట మొదట జరిగినది. పరాయిభాషా ప్రాంతమున బిడ్డలను పెంచుకొనుచున్న మనకు ఈ వరుస మరువరానిది.

ఉపాధ్యాయులకే సర్వభారము వేయుట ధర్మము కాదు. ఒక్కరు అరువది పుస్తకములను కెమెరాలో చూడలేరు. అందుచేత రెండవ చేయి యింటినుండియు, సంఘమునుండియు రావలెను. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో బోధించువారు చాలవరకు స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన తల్లిదండ్రులే. సముద్రముల కావల వారు చేసిన పని ప్రాణహిత కీవల మనము చేయలేమా?

మన సంఘమువారికి నా విన్నప మిది. పెద్ద తెర కొనుటకు ముందు, వారమున కొక గంట పిల్లలతో కూర్చుండు పెద్దల నిద్దరిని ఏర్పరుపుడు. వారు పాఠము చెప్పనక్కరలేదు. నోటుపుస్తకములు చూచి, మాటాడని బిడ్డ యెవరో గమనించి, ఏ తప్పు మరల మరల వచ్చుచున్నదో ఆన్‌లైన్ గురువునకు వ్రాసి పంపిన చాలును. విశ్రాంత గుమాస్తాలకు ఇంతకంటె తగిన పని మరియొకటి కలదా? మొదటి పేరుగా నాది వ్రాసికొనుడు. తెర పాఠము చూపును గాక. వ్రేలిని పట్టుకొనుటకు మనుష్యుని చేయి కావలెను.