ఉత్తరకుమారుని భయము – ఒక పునర్విచారము

"ఉత్తరకుమార ప్రగల్భములు" అను పలుకుబడి వినని తెలుగు ఇల్లు లేదు. వీధిలో కన్నడము, బడిలో కన్నడమో ఇంగ్లీషో, ఇంటిలో తెలుగు పలుకుచు కోలారు జిల్లాలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో గూడ ఈ మాట చెక్కుచెదరక నిలిచినది. పరీక్షకు ముందునాటి రాత్రి కడుపునొప్పియని ముడుచుకొని పడుకొన్న పిల్లవానిని చూచినను, ఉద్యోగమునకై బెంగుళూరు రైలెక్కవలసిన ఉదయమున గడప దాటలేక నిలిచిన యువకుని చూచినను, పెద్దలు నవ్వుచు ఈ పేరే పెట్టుదురు. అది న్యాయమా? తిక్కన సోమయాజి విరాటపర్వమును మరల చదివినప్పుడు మాకు కలిగిన సందేహమిది. సామెత ఆ కథలో సగమునే మిగుల్చుకొన్నది. విడిచిపెట్టిన సగములోనే మన పిల్లలకు కావలసిన ఔషధమున్నదని మా అభిప్రాయము.

తిక్కన పదుమూడవ శతాబ్దమున నెల్లూరిని ఏలిన మనుమసిద్ధికి మంత్రి. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను ఆయన తెనిగించెను. వానలు కురియని యేట విరాటపర్వమును పారాయణము చేయించుట తెలుగువారి ఆచారము. జీవనది లేక చెరువులనే నమ్ముకొన్న మన జిల్లావారికి ఆ ఆచారము వెనుకనున్న ఆరాటమును వివరింప నక్కరలేదు. వానకొరకు చదివిన పర్వమును ధైర్యముకొరకును చదువవచ్చును.

కథ అందరెరిగినదే. విరాటరాజు సేనలన్నింటిని వెంటగొని త్రిగర్తులపై దక్షిణమునకు పోయెను. ఇంతలో ఉత్తరమున కౌరవులు గోవులను పట్టిరని గోపాలకుడు పరుగున వచ్చి చెప్పెను. నగరమున మిగిలినవాడు రాకుమారుడొక్కడే. అంతఃపురకాంతల నడుమ నుండి అతడు, తనకు తగిన సారథి లేడు గాని, ఉన్నచో కౌరవులకు తన పరాక్రమము చూపెదనని పలికెను. బృహన్నల సారథియయ్యెను. చెల్లెలు ఉత్తర, శత్రువుల మేలివస్త్రములను తన బొమ్మలకు తెమ్మని కోరెను. ఇంతవరకు నవ్వు కవి ఉద్దేశించినదే. అయితే ఆ నవ్వు ప్రగల్భమును గూర్చినది. భయమును గూర్చినది కాదు. ఈ భేదమును మన సామెత మరచినది.

కౌరవసేన కంటబడగానే ఉత్తరునకు మేను గగుర్పొడిచెను. అతడు చెప్పిన కారణములను శ్రద్ధగా వినుడు: తండ్రి సేననంతయు కొనిపోయెను, తాను బాలుడు, ఒంటరివాడు, ఎదుట భీష్మద్రోణకర్ణాదులు. ఇందులో ఒక్కటియు అబద్ధము కాదు. భయపడినవాడు మూర్ఖుడు కాడు. పలుమారు అతడు పరిస్థితిని ఉన్నదున్నట్లు చూచినవాడు.

అప్పుడు అర్జునుడు చేసినదేమి? మొదట మనమందరము చేయునదే ఆయనయు చేసెను. స్త్రీలయెదుట పురుషులయెదుట అంత పలికి, వట్టి చేతులతో తిరిగిపోయినచో లోకము నవ్వదా యని సిగ్గు కలిగింపజూచెను. ఫలితమేమి? నవ్వినచో నవ్వనిమ్ము, గోవులు పోయినచో పోనిమ్మని రాకుమారుడు రథమునుండి దూకి పరుగిడెను. ఈ ఘట్టమునకు ఇదియే కీలకమని మేము తలచుచున్నాము. అర్జునునంతటివాడు పలికినను సిగ్గు పనిచేయలేదు. పైగా భయమునకు సిగ్గు తోడైన తరువాతనే ఉత్తరుడు రథము దిగెను. 1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అను శాస్త్రజ్ఞులిద్దరు చుంచెలుకలపై ప్రయోగములు చేసి, కష్టమైన విద్య నేర్చునప్పుడు మితమైన ప్రేరేపణయే మేలు చేయుననియు, అది మితిమీరినచో నేర్పు కుంటుపడుననియు గుర్తించిరి. వణకువానిపై పరిహాసమును మోపుట నిండిన బండిపై మరియొక బస్తా వేయుటయే.

అర్జునుడు వెంటబడి అతనిని పట్టుకొనెను. బంగారమిత్తును, మణులిత్తును, విడువుమని ఉత్తరుడు ప్రాధేయపడెను. అర్జునుడు నవ్వెను గాని విడువలేదు. ఒంటరిగా ముందుకును త్రోయలేదు. పనిని మార్చెను. "యుద్ధము నేను చేసెదను, నీవు గుఱ్ఱములను పట్టుము" అన్నది ఆయన మాటల సారము. రథము తోలుట ఉత్తరునకు తెలిసిన విద్య. ఆ విద్యలో తనకు నేర్పు కలదని అతడే తరువాత చెప్పుకొనెను. కొండంత పనిలోనుండి చేతనైన పిడికెడు పనిని వేరుచేసి చేతికిచ్చుట ఇది. భయచికిత్సలో ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు శమీవృక్షము. చెట్టెక్కి ఆయుధములను దింపుమనగా, అచ్చట శవము కట్టియున్నదని ఉత్తరుడు జంకెను. అవి ధనుస్సులని అర్జునుడు నచ్చజెప్పగా ఎక్కి, కట్లు విప్పి చూచెను. శవమనుకొన్నచోట ఆయుధములు మెరసెను. ఇది ఎవరిది, అది ఎవరిదని ఒక్కొక్కదానిని అడిగెను. సారథి తాను అర్జునుడనగా వెంటనే నమ్మక, అర్జునుని పది నామములను అర్థములతో చెప్పుమనెను. అర్జునుడు విసుగుకొనక పదియు చెప్పెను. దూరమునుండి చూచినప్పుడు శవమైనది దగ్గరకు పోయి విప్పినప్పుడు బలమైనది. ప్రశ్నలడుగనిచ్చి ఓర్పుతో బదులు చెప్పుటకంటె భయమునకు మంచి మందు లేదు.

మూడవ మెట్టును మన కథకులు తరచుగా వదలివేయుదురు. భయము పోయినదని ఉత్తరుడు చెప్పిన పిమ్మట అర్జునుడు శంఖము పూరించెను. ఆ ధ్వనికి ఉత్తరుడు మరల రథముపై కూలబడెను! ఒకమారు ధైర్యము చెప్పితిమి గదా, మరల ఇదేమని మనమైనచో కసరుకొందుము. అర్జునుడు, రథముపై కాళ్లు గట్టిగా తన్నిపెట్టి పగ్గములు బిగించి పట్టుము, మరల పూరించెదనని ముందుగా హెచ్చరించి, అటుపిమ్మట పూరించెను. భయము మరల వచ్చుట ఓటమి కాదు. అది వచ్చునని ముందే తెలిసి, అప్పుడు చేతులు కాళ్లు ఏమి చేయవలెనో తెలిసియుండుటయే ధైర్యము.

ఉత్తరుని పిరికివాడనువారు ఇంకొక మాటకు బదులు చెప్పవలెను. అతనికి ధైర్యమిచ్చిన అర్జునుడే కురుక్షేత్రమున నిలిచినప్పుడు ఏమయ్యెను? అవయవములు సడలెను, నోరెండెను, మేను గగుర్పొడిచెను, గాండీవము చేజారెను. కారణము వేరు, ఉత్తరుడు తన ప్రాణమునకు వెరచెను, అర్జునుడు తనవారి ప్రాణములకు తల్లడిల్లెను. కాని దేహలక్షణములు అవే. ఇచ్చట రథికుడు వణకగా సారథి నిలబెట్టెను, అచ్చటను అంతే. అర్జునునిపై సామెత పుట్టలేదు, గీత పుట్టినది. ఉత్తరునిపై గీత పుట్టలేదు, సామెత పుట్టినది.

ఇందులో దృశ్యకళల వంతును కలదు. 1963లో విడుదలైన "నర్తనశాల" చిత్రమున రేలంగి ఉత్తరకుమారుడై మనలను కడుపుబ్బ నవ్వించెను. ఆ నటన మెచ్చదగినదే. హాస్యపాత్రకు అది ఒరవడి. అయితే హాస్యము కొరకు తీర్చిన పాత్రలో, మారిన మనిషికి చోటు తక్కువ. నవ్వు మనకు మిగిలినది, మార్పు మరుగుపడినది.

భయమును గూర్చి మన జిల్లాకు తెలిసినంత మరియొక ప్రాంతమునకు తెలియునా? 1880వ దశకమున జాన్ టెయిలర్ కంపెనీవారు కోలారు బంగారు గనులను నడుపసాగినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు, తమిళ, తెలుగు, కన్నడ కార్మికులు నేలలోనికి దిగినారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయినది. అడుగున ఉడికించు వేడిమి. ఎప్పుడు పేలునో తెలియని రాతి ఒత్తిడి. రాక్ బర్‌స్ట్ సంభవించినప్పుడు పైనున్న ఇండ్లును అదరెడివి. అట్టి గనిలోనికి దిగిన మన తాతలకు భయము లేదనుట వారిని పొగడుట కాదు. వారెరిగిన దానిని తక్కువచేయుట. వారికి భయము కలదు. కాని కేజిలో భుజమునకు భుజమానించి పలువురు దిగినారు; ఎవరి చేతి పని వారికి తెలిసియుండెను. ఉత్తరునకు అర్జునుడిచ్చినవి ఈ రెండే గదా!

మన ప్రాంతపు ఐతిహ్యములును ఇదే చెప్పుచున్నవి. ముళబాగిలు ఆంజనేయస్వామిని భారతయుద్ధానంతరమున అర్జునుడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. త్రిపురాసురునిపై యుద్ధమునకు ముందు త్రిమూర్తులు కురుడుమలె వినాయకుని ప్రతిష్ఠించి పూజించిరని మరియొక ఐతిహ్యము. చరిత్ర యెట్లున్నను వీని భావము స్పష్టము. పెద్దపనికి ముందు త్రిమూర్తులంతటివారే ఒక క్షణమాగి తోడు కోరిరి. పని ముగిసిన పిమ్మట అర్జునుడు తన ధ్వజముపై తోడు నిలిచినవానిని మరువలేదు.

ఇక సామెత విడిచిన చివరి భాగము. గెలిచి తిరిగివచ్చిన ఉత్తరుని తండ్రి పొగడెను. మొన్నటి ప్రగల్భమునకు ఇంతకంటె మంచి అదను దొరకునా? ఈ గెలుపు నాది కాదు, ఒక దేవకుమారుడు గెలిచెనని అతడు చెప్పెను. పాండవుల రహస్యమును కాపాడుచునే, తనది కాని యశమును తనదనలేదు. కురుక్షేత్రమున మొదటినాడే అతడు ఏనుగునెక్కి శల్యుని ఎదుర్కొని, అతని చేత హతుడయ్యెను. ఆనాడు ప్రక్కన బృహన్నల లేడు. ఉత్తరుడు పరుగిడను లేదు. భయపడిన నాటిదానిని సామెతగా చెప్పుకొనుచు, నిలిచి ప్రాణమిచ్చిన నాటిదానిని మరచుట ఏమి విమర్శ?

మన పిల్లల ఎదుట నేడు భీష్మద్రోణులు లేరు. ఎస్సెస్సెల్సీ, పియుసి పరీక్షలు కలవు, పరాయి ఊరిలో పరాయి భాషలో జరుగు ఇంటర్వ్యూలు కలవు. గనులు మూతపడిన పిమ్మట వేలమందికి తెల్లవారుజామున బెంగుళూరు రైలే జీవనాధారమైనది. ఈ పిల్లలు వణకినప్పుడు పెద్దలు అర్జునుని మొదటి మాటను విడిచి రెండవ మాటను పట్టవలెనని మా మనవి. ముందురాత్రి మొత్తము పుస్తకము కాదు, వచ్చిన పాఠమొకటి చేతికిచ్చి చెప్పించుకొనవలెను. పరీక్షాకేంద్రమును ముందునాడే చూపి రావలెను. శమీవృక్షముపైనున్నది శవము కాదని వారే విప్పి చూతురు. ప్రశ్నపత్రము చూడగానే గుండె దడదడలాడవచ్చునని, అప్పుడు కాళ్లు నేలకానించి ఊపిరి నెమ్మదిగా విడువుమని ముందే చెప్పవలెను.

ఇక ముందు ఎవరైనను మన ఇంటి పిల్లవానిని ఉత్తరకుమారుడని నవ్వినచో, నొచ్చుకొన నక్కరలేదు. "అవును, గుఱ్ఱములను పట్టుట వీనికి వచ్చును" అని బదులు చెప్పి, వాని ప్రక్కన రథమెక్కుదము.