వదిలేయడంలోనే ఉంది కిటుకు

1973 నాటికే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక కంప్యూటర్‌తో నోటిమాట మీద చదరంగం ఆడారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి బృందం తయారుచేసిన ఆ వ్యవస్థ పేరు హియర్‌సే-1. చెవినపడ్డది అర్థంకాకపోతే అది చదరంగం ప్రోగ్రాము సాయం తీసుకునేది. బల్లమీదున్న స్థితిలో వేయడానికి వీల్లేని ఎత్తును ఎవరూ పలకరు కదా!

వెతుకులాటలో సగం పని ఏది చూడక్కర్లేదో తేల్చుకోవడమేనని, నేలకొండపల్లిలో తీరిక వేళల్లో చదరంగం ప్రోగ్రాము రాసుకునే ఈ కాలమిస్టు నమ్మకం. రామదాసు పుట్టిన ఊళ్లో ఇదేం పిచ్చి అనేవాళ్లూ ఉన్నారు. ఉండనీ.

ఒక్కో స్థితిలో 35 ఎత్తులుంటాయనుకుంటే, నాలుగు ఎత్తుల లోతుకే 15 లక్షల పైచిలుకు స్థితులవుతాయి. ఆల్ఫా-బీటా పద్ధతి అన్నిటి జోలికీ పోదు. ఎదుటివాడి ఒక్క జవాబుతో మన ఎత్తు చెడిందని తేలితే చాలు, మిగతా జవాబులు చూడదు. మంచి ఎత్తులే ముందు వరుసలో పడితే 2,449 స్థితులతో అచ్చంగా అదే ఫలితం వస్తుంది. డోనాల్డ్ నూత్, రోనాల్డ్ మూర్ 1975లో ఈ లెక్కలను కూలంకషంగా విశ్లేషించారు. వరుస తిరగబడిందా, దమ్మిడీ లాభం లేదు. అందుకే ముందు చంపుడు ఎత్తులు, తర్వాత పక్క కొమ్మలో పనిచేసిన ఎత్తులు చూడమని ప్రోగ్రాముకు చెబుతారు.

ఇంతవరకు నష్టభయం లేదు. అయితే అంతటితో ఆగితే లోతు చాలదు, కొంత తెగించి కూడా వదిలేయాలి.

రాజ్‌రెడ్డి ప్రయోగశాలలోనే 1976లో వచ్చిన హార్పీ 1,011 మాటలను గుర్తుపట్టేది. మెరుగ్గా కనిపించిన కొన్ని దారులనే పట్టుకుని మిగతావాటిని వదిలేసేది. అసలు దారి ఆ వదిలేసినవాటిలో ఉంటే పోయినట్టే. చదరంగంలో ‘నల్ మూవ్’ కూడా ఇలాంటి సాహసమే. ‘ఈసారి ఎత్తు వేయకుండా ఊరుకున్నా నా స్థితి బాగుందా?’ అని చూసుకుని, బాగుంటే ఆ కొమ్మను అక్కడే నరికేస్తుంది.

ఇది ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. తెల్లరాజు ఇ6లో, తెల్లబంటు డి7లో, నల్లరాజు డి8లో ఉన్నారనుకోండి. వంతు నల్లదైతే రాజు సి7కు పోక తప్పదు. తెల్లరాజు ఇ7కు వస్తాడు, బంటు మంత్రి అవుతుంది, ఆట ముగిసినట్టే. కానీ నల్ మూవ్ ప్రకారం నల్లవాడు ఊరుకుంటే? తెల్లరాజు డి6కు వచ్చి బంటును కాస్తే నల్లరాజుకు కదలిక లేక ఆట డ్రా. రాజు పక్కకు జరిగితే బంటు పోతుంది. ఓడే స్థితిని ప్రోగ్రాము డ్రా అనుకుంటుంది.

అందుకే రాజు, బంట్లే మిగిలిన వైపుకు స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాము ఈ చిట్కాను వాడదు. లోతు బాగా పెరిగినప్పుడు, నరికేసేముందు మరోసారి వెతికి సరిచూసుకుంటుంది.