యంత్రమునకు నింద, యంత్రమునకు పూజ

ముంబయిలోని మన తెలుగు చాళ్ళ వరండాలలో సాయంకాలము ఒక గడియ నిలిచి ఆలకించినచో, యంత్రములను గూర్చి రెండు తీర్పులు వినవచ్చును. "ఈ ఫోను వచ్చినకాడి నుంచి పిల్లలు చెడిపోయిండ్రు" అని పెద్దలు నిట్టూర్చుదురు. "ఫోను ఉండంగ మనకు ఊరు దూరమెక్కడిది? తెలుగు ఎక్కడికి పోతది?" అని యువకులు బదులు చెప్పుదురు. ఈ రెండు మాటలును పరస్పర విరుద్ధములుగా తోచును. కాని పరీక్షించి చూచిన రెండింటి మూలమొక్కటియే. పెద్దలు మన తప్పును యంత్రముపై మోపుచున్నారు. యువకులు మన కర్తవ్యమును దానికి అప్పగించుచున్నారు. ఉభయులును మనుష్యుని లెక్కలోనుండి తీసివేసిరి.

ఈ అభిప్రాయములను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. కామాఠీపురము పేరు నేడు లోకమున వేరొక కారణమున ప్రచారమునందున్నది గాని, ఆ పేరు 18వ శతాబ్ది చివర నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగరమునకు రాళ్ళు మోసి గోడలు లేపిన తెలుగు కూలీలది. వారి వెనుక నేతపనివారు వచ్చిరి. కామాఠీపుర గల్లీలు మొదలు వర్లీ, నాయిగాము చాళ్ళవరకు స్థిరపడిన మనవారు యంత్రమును పుస్తకములలో చదివి ఎరిగినవారు కారు, దాని ప్రక్కన నిలువబడి బ్రదికినవారు. వారి మాటకు విలువ గలదు. అందుచేతనే ఆ మాటను పరీక్షింపవలసియున్నది.

మొదట నిందను చూతము. "మిల్లుగుడ్డ వచ్చి మా మగ్గమును మింగినది" అని పద్మశాలి వృద్ధులు చెప్పుదురు. అది సత్యమే. కాని సత్యములో సగమే. తాడ్‌దేవ్‌లో 1856లో తొలి నూలుమిల్లు పని మొదలిడిన పిమ్మట, కాలక్రమమున ఆ మిల్లులే మగ్గము కోల్పోయిన చేతికి జీతమిచ్చినవి. 1982 జనవరి 18న ఆరంభమైన మహా సమ్మెలో సుమారు 2.5 లక్షల కార్మికులు పనినుండి వైదొలగిరి. అనేక మిల్లులు మరల తెరువబడనే లేదు. అయినను లోకమున గుడ్డ నేయుట ఆగినదా? ఆగలేదు. పని భివండీలోని మరమగ్గములకు, అనగా మనవారి మాటలో సాంచెలకు, మరలినది. అక్కడను తిరిగినది యంత్రమే. దానిని నడిపిన చేతులలో తెలుగు చేతులు అనేకము. మిల్లులున్న నేలపై నేడు ఆకాశహర్మ్యములు నిలిచియున్నవి. కూలి ధరను, భూమి ధరను ప్రక్కప్రక్కన వ్రాసి కూడినవారు మనుష్యులు గాని సాంచెలు కావు.

విద్యుద్దీపము కథ ఇంకను స్పష్టమైనది. పూర్వము మిల్లులో ప్రొద్దు క్రుంకుటయే పనికి హద్దు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆ దీపము వచ్చి ఆ హద్దును చెరిపివేసినది. కొన్ని మిల్లులలో పనిదినము 14, 15 గంటలవరకు సాగినది. 1911 నాటి చట్టము బట్టల మిల్లులలో పురుషులకు 12 గంటల పరిమితిని విధించినది. 1948 నాటి చట్టమున ఆ పరిమితి 9 గంటలు. ఈ మధ్యకాలమున దీపము తన స్వభావమును మార్చుకొనలేదు, చట్టము మారినది. ఆ చట్టము వెనుక కార్మికుల పోరాటమున్నది. దీపమును తిట్టుచు కూర్చుండియున్నచో నేటికిని మనకు ప్రొద్దు క్రుంకియుండెడిది కాదు.

ఇక పూజను చూతము. యంత్రము తెలుగును కాపాడునను వారికి ఈ నగరముననే గొప్ప దృష్టాంతము గలదు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" బొంబాయిలోనే నిర్మింపబడి, 1932 ఫిబ్రవరి 6న ఇక్కడి కృష్ణా సినిమాలో విడుదలయ్యెను. గర్వింపదగిన విషయమే. కాని అందు లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి. నాటకరంగమున తరములుగా దిద్దుకొనిన వాక్కు లేకున్నచో, ఆ యంత్రము వినిపించుటకు తెలుగు ఎక్కడిది? యంత్రము మోయును, మోయింపవలసిన మూటను మనమే కట్టవలయును.

ఈ వెలుగులో ఫోనును పరిశీలింతము. ఒకప్పుడు చాలులో ఊరినుండి జాబు వచ్చిన దినము పండుగ. మనియార్డరు కూపనుపై రెండు ముక్కలు వ్రాయుటకైనను అక్షరము తెలిసినవారు కావలయును. చదువురాని తల్లి కుమారునిచేత వ్రాయించెడిది. తల్లికి అవసరము, బిడ్డకు అభ్యాసము. ముంబయి నగరపాలిక ఎనిమిది భాషలలో నడపిన పాఠశాలలలో తెలుగు ఒకటి. అక్కడ నేర్చిన అక్షరమునకు ఇంటిలో వెంటనే పని దొరికెడిది.

అట్లని జాబును అతిగా కీర్తింపరాదు. పొరుగువారి పిల్లవానిచేత వ్రాయించు జాబులో ఇల్లాలు తన కష్టము చెప్పుకొనగలిగెడిదా? చావు కబురు కర్మకాండ ముగిసిన పిమ్మట చేరిన ఇండ్లెన్ని! నేడు 160 చదరపుటడుగుల గదిలో కూర్చుండి, ఊరిలోని అమ్మమ్మ ముఖము చూచుచు మాటలాడుట సామాన్యమైన భాగ్యము కాదు. దానిని తృణీకరించువాడు ఎడబాటు ఎరుగనివాడు.

అయినను ఒక నష్టము జరిగినది. చెవికి తెలుగు మిగిలినది, చేతినుండి జారినది. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు; దుకాణము పేరు తెలుగులో వ్రాసియున్నచో చదువలేక నిలిచిపోవుదురు. అమ్మమ్మకు పంపు కుశలమును ఆంగ్లాక్షరములలో తెలుగుగా వ్రాయుదురు. ఆమె దానిని చదువలేదు. వారు ఆమె వ్రాతను చదువలేరు. ఇది ఫోను చేసిన అపకారమా? యూనికోడు 1991 నాటి తొలి కూర్పుననే తెలుగు లిపికి స్థానమిచ్చినది. అదే ఫోనులో, అదే తెరపై, "అ" మొదలు అన్ని అక్షరములును సిద్ధముగా నున్నవి. తలుపు తెరచియుండగా మనమే లోనికి పోకున్నాము.

కావున మన సంఘములకు ఒక విన్నపము. ఫోను మంచిదా చెడ్డదా అను ఉపన్యాసములు చాలును. ప్రతి ఆదివారము ఒక గంట పిల్లలను కూర్చుండబెట్టి, వారి ఫోనులలోనే తెలుగు లిపిని తెరచి, ఊరిలోని పెద్దలకు నాలుగు వాక్యములు వ్రాయింపుడు. వెనుకటి జాబునకుండిన అవసరమును మరల పుట్టింపుడు. అవసరము పుట్టిననాడు అక్షరము తనంతట వచ్చును.

మన నేతవారు దసరానాడు మగ్గమునకు బొట్టు పెట్టి మ్రొక్కుదురు. మరునాడు తెగిన పోగును మగ్గము అతుకుకొనునని ఎవరును ఎదురుచూడరు. కూర్చుండి తమ చేతితో అతుకుదురు.