ముందు అడగండి, తర్వాత చెప్పండి

ఆగస్టు వస్తే టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్ల పెరళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: "పిన్నిగారూ, చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు. ఏం వెయ్యమంటారు?" పేడ ఎరువు వెయ్యమని ఒకరు, యూరియా చల్లమని ఇంకొకరు వెంటనే చెప్పేస్తారు. అందరిదీ మంచి మనసే. కానీ నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి, పూత ఇంకా వెనకబడుతుంది.

తోటపనిలో చేయి తిరిగినవాళ్లు ముందు ఇలా అడుగుతారు: "ఆ గింజ ఎక్కడిదమ్మా?" ఊరి నుంచి తెచ్చుకున్న పాత రకమైతే పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. మనం రథసప్తమికి రథం కట్టే చిక్కుడుకాయలు ఆ రోజుల కాపే. విజయవాడలో అతి పొడవైన పగలు 13 గంటల చిల్లర. టొరంటోలో దాదాపు పదిహేనున్నర, ఎడ్మంటన్‌లో 17. టొరంటోలో పగలు 13 గంటలకు తగ్గేసరికి సెప్టెంబరు వస్తుంది. కాయ ముదిరేలోపే చలి పాదును మాడ్చేస్తుంది. దీనికి మందు ఎరువుల్లో లేదు, విత్తనంలో ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్కా జయ్, అర్కా విజయ్ లాంటి పొట్టి రకాలకు పగటి నిడివితో పని లేదు.

కారణం కూడా చెబితే ఆ సలహా మరో మొక్కకూ అక్కరకొస్తుంది. చిక్కుడును పూయనివ్వని ఆ పొడవాటి పగలే గోంగూరకు మేలు చేస్తుంది. అదీ పొద్దు తగ్గాకే పూసేది గనక వేసవంతా ఆకు కోసుకోవచ్చు.

ముందు అడగడం ఒక మర్యాదైతే, ఎవరి అనుభవం ఏ ఊరిదో చెప్పడం రెండో మర్యాద. దక్షిణ ఒంటారియోలో చాలామంది విక్టోరియా డే, అంటే మే 25కు ముందు వచ్చే సోమవారం, దాటాక టమాటా నారు నాటుతారు. సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైన ఉన్న కాల్గరీలో జూన్‌లోనూ మంచు నారును కాల్చేయగలదు. "మా బ్రాంప్టన్‌లో ఇలా చేశాను" అన్న ఒక్క మాటతో కాల్గరీవాళ్లు జాగ్రత్తపడతారు.

జనవరిలో కరివేపాకు పండుబారిందంటే, పుల్ల మజ్జిగ పొయ్యమనే ముందు కుండీ ఏ కిటికీ దగ్గరుందో, నీళ్లు ఎన్నాళ్లకోసారి పోస్తున్నారో అడగాలి. వెలుగు తక్కువైన చలికాలంలో మొక్క ఎదుగుదల దాదాపు ఆగుతుంది. తడి ఆరని మట్టిలో వేళ్లు కుళ్లుతాయి. ముందు నీళ్లు తగ్గించి చూడమనాలి. మట్టి, కుండీ, ఎరువు ఒకేసారి మార్పిస్తే దేనివల్ల కోలుకుందో తెలియదు.

ఇలా అడిగి, తెలిసింది పంచుకునే పద్ధతికి కెనడాలో గట్టి పునాదే ఉంది. శిక్షణ పొందిన ఒంటారియో మాస్టర్ గార్డెనర్లు స్వచ్ఛందంగా సలహాలిస్తారు. 1990లో వాంకూవర్‌లో మొదలైన సీడీ శాటర్‌డే సంతల్లో విత్తనంతోపాటు దాన్ని పెంచిన తీరూ చేతులు మారుతుంది. మన పెరటి పెద్దలూ ఈ వరసలోని వాళ్లే.

ఇక్కడ వేసవి చిన్నది. తప్పు సలహా పాటిస్తే ఆ ఏడాది కాపు పోయినట్టే, మళ్లీ మే దాకా ఆగాలి. మొదటి వేసవే ఓడిపోయి పందిరి పీకేసేవాళ్లూ ఉంటారు. రెండు ప్రశ్నలు అడిగే ఓపిక ఒక తోటను నిలబెడుతుంది.