ముందు గీత, తర్వాత ఫోటో

అమెరికాలో గిల్ ఎల్వ్‌గ్రెన్ గోడ కేలండర్లకి అందగత్తెల బొమ్మలు వేసేవాడు. ముందు మోడల్‌ని నిలబెట్టి ఫోటో తీసుకునేవాడు. ఆ ఫోటో చూస్తూ రంగులేసేటప్పుడు కాళ్లు కాస్త పొడుగయ్యేవి, నడుము కాస్త సన్నబడేది. కెమెరా ఒప్పుకోని అందాన్ని కుంచె ఇచ్చేది.

మన ‘మాయాబజార్’ సినిమావాళ్లు ఈ పని తిరగేసి చేశారు. వాళ్లని ఒకచోట చేర్చిన దర్శకుడు కె.వి. రెడ్డి. స్టాప్‌వాచీ పట్టుకుని సీను నిడివి ముందే తేల్చుకునే మనిషి.

1957లో వచ్చిన ‘మాయాబజార్’కి కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. పాత్రలు కెమెరా ముందుకి రాకముందే గోఖలే కాగితం మీద పుట్టాయి. ఎన్టీ రామారావు కృష్ణుణ్ణి ఓసారి ఆపి చూడండి. అంత కిరీటం పెట్టినా ముఖం చిన్నబోదు. చూపు ముందు కళ్ల మీదికే పోతుంది, నగలు ఆ తర్వాతే కనిపిస్తాయి. ఎక్కడ ఆపాలో తెలిసిన గీత అది.

ఆ గీతకి వెలుగు పోసినవాడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. పడవ పాటలో వెన్నెల చాలావరకు స్టూడియో దీపాల పుణ్యమే. శశిరేఖ వేషం వేసిన సావిత్రి చెంప మీద ఆ వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ నీడలో కలిసిందో వేలు పెట్టి చూపలేం. ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి దూరాక చూడాలి ఆవిడ పనితనం! చీర అదే, జడ అదే, దీపాలూ అవే. భుజం ఒక్కటి విరుచుకుంటుంది, కనుబొమ ఒక్కటి లేస్తుంది. అంతే, ఆ సుకుమారమైన బొమ్మలోంచి ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు తొంగిచూస్తాడు. ఎల్వ్‌గ్రెన్ కుంచెతో దిద్దినదాన్ని ఈవిడ ఒంటితోనే దిద్దింది.

2010లో ఈ సినిమాకి రంగులద్దారు. శ్రమ పెద్దదే, కాదనను. నాకు మాత్రం నలుపు తెలుపే కావాలి. ఆ రోజుల్లో గుడ్డకైనా గోడకైనా రంగు ఎంచేటప్పుడు అది తెర మీద ఏ బూడిద ఛాయగా పడుతుందో చూసుకోవాల్సి వచ్చేది. ఆ లెక్క మీద కట్టిన దృశ్యానికి తర్వాత పూసిన పసుపూ ఎరుపూ పైపూతలాగే అనిపిస్తాయి.

ఆ కృష్ణుడు సినిమాతో ఆగలేదు. గీతలోంచి వేషం, వేషంలోంచి ఫోటో వచ్చాయి. ఆ ఫోటో కేలండరుకెక్కి దేవుడి గూట్లోకి చేరింది. ఎల్వ్‌గ్రెన్ అమ్మాయిలు గోడ మేకు దగ్గరే ఉండిపోయారు. రామారావు ముఖానికి మాత్రం మనవాళ్లు హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టారు. ఆ హారతిలో గోఖలేకీ బార్ట్‌లీకీ వాటా ఉందని ఎంతమందికి తెలుసు?