రవివర్మ శకుంతల: ముంటినెపము

కిళిమానూరు రాజా రవివర్మ (1848–1906) శాకుంతలకథను బలుమాఱు చిత్రించెను. వానిలో 1898వ సంవత్సరపు పటమొకటి యచ్చుప్రతుల మూలమున నెల్లవారి కన్నులకును వాడుకపడినది. అందు శకుంతల వనమార్గమున నిలిచి, యొకచేత సఖి భుజము నూఁతగాఁ గొని, రెండవచేత నెత్తిన పాదము నంటుచు, మొగము మాత్రము వెనుకకుఁ ద్రిప్పి చూచుచున్నది. పాదమున నాటిన ముంటిని దీసికొనుచున్నదని చూపఱు మొదటఁ దలఁతురు. ముల్లు లేదు. ఆమె చూచుచున్నది దుష్యంతుని. ఆ దుష్యంతుఁడును బటమున లేఁడు. ఈ రెండు లేములమీఁదనే చిత్రార్థమంతయు నిలిచియున్నది.

రవివర్మ పటములకు స్వతంత్రార్థము లేదనియు, నవి పురాణనాటకకథలకు వేసిన బొమ్మలు మాత్రమే యనియు నొక యాక్షేపము చిరకాలముగాఁ గలదు. దానిని బరీక్షించుటకు నీపటము దగిన తావు. అంతకు ముందు, చిత్రకారుఁడు నాటకమున నే స్థలమును గైకొనెనో తేల్చుకొనవలెను; ఏలయన నీ వృత్తాంతమును గాళిదాసు రెండుమాఱులు చెప్పినాఁడు.

మొదటిది ప్రథమాంకము తుద. రాజరథమును జూచి బెదరిన యేనుఁగు తపోవనముఁ జొచ్చినదని కేక వినఁబడును. కన్యలు కలఁతపడి కుటీరమునకుఁ బయనమగుదురు. అట్టి తొందరలో శకుంతల, క్రొత్త దర్భమొన పాదమున నాటినదనియు, వల్కలము కురవకశాఖకుఁ దగిలినదనియుఁ జెప్పి, సఖులను నిలువుమని, రాజును జూచుచుఁ దడయును. రెండవది ద్వితీయాంకము. అచ్చట జరుగుట లేదు, చెప్పుటయే. రాజు విదూషకునితోఁ దన యనుభవమును జెప్పుకొనును. ఆ చెప్పుటలో నేనుఁగు లేదు, కేక లేదు, తొందర లేదు. ఆమె కొన్ని యడుగులు నడచి, కారణము లేకయే దర్భ గ్రుచ్చుకొన్నదని నిలిచినది; తగులని వల్కలమును గొమ్మనుండి విడిపించుచు మొగము ద్రిప్పినది. వలచినవాని జ్ఞాపకము తనకు వలయుదానినే మిగిల్చికొనెను.

రవివర్మ పటమున భయచిహ్న మొక్కటియు లేదు. సఖులు తీఱికగా నున్నారు. అడవి నిశ్చలముగా నున్నది. కాఁబట్టి చిత్రకారుఁడు గైకొన్నది ప్రథమాంకపు సంభవము గాదు, ద్వితీయాంకపు రాజస్మృతి యని చెప్పవలెను. ఇది స్వల్పవిషయముగాఁ దోఁపవచ్చును గాని, పటము నర్థము దీనివలననే మాఱును. ద్వితీయాంకారంభమున రాజు తన్నుఁ దానే శంకించుకొనును. ఆమె వేఱొకవంకఁ బఱపిన చూపును, మందగమనమును, సఖిపైఁ జూపిన కోపమును దన్నుద్దేశించినవే యని తలఁచితిననియు, గాముకుఁడు సర్వమును దనదిగానే చూచుననియు నవ్వుకొనును. ప్రేక్షకుఁడు మాత్రము ప్రథమాంకమును గన్నులారఁ జూచినవాఁడు. అతనికి శంక లేదు. కవి నిశ్చయమును బ్రేక్షకునకును, సందేహమును రాజునకును బంచి యిచ్చినాఁడు.

చిత్రకారుఁడు రాజును బటమున నిలిపియుండినచో నిరువురి చూపులును గలిసి, కథ యంతటితో ముగిసియుండెడిది. లేక శకుంతల చూపును నేరుగాఁ జూపఱిమీఁదికే త్రిప్పియుండినచోఁ జూపఱియే రాజై, పటము వట్టి విలాసచిత్రమై యుండెడిది. రవివర్మ యీ రెంటినిఁ జేయలేదు. చూపు పటపుటంచును దాఁటి పోవుచున్నది. చూచువాఁడు రాజు కాఁడు, సఖియుఁ గాఁడు. నాటకశాలలోని సామాజికుని యాసనమే యతనికి దక్కినది. రాజస్మృతిని గైకొని, రాజసందేహమును విడిచి, సామాజికుని నిశ్చయమును నిలుపుట యీ పటములోని యసలుపని.

దీనికిఁ బేరు వెదకఁ బనిలేదు. భరతుఁడు చెప్పిన 33 వ్యభిచారిభావములలో నవహిత్థ యొకటి. అనఁగా లోని భావము పైకిఁ దెలియకుండ నాకారమును దాఁచుట. చిత్రమున కిది మిక్కిలి కష్టమైన భావము. దాఁపు పూర్ణమైనచోఁ జూపఱకుఁ దెలియదు. తెలిసినచో దాఁపే కాదు. నాటకమునకుఁ గాలము తోడు. ముందు చూపు, పిదప మాట, ఆపైని నిట్టూర్పు. పటమునకున్నది యొక్క క్షణము. రవివర్మ యా క్షణమును శరీరమునందే రెండుగాఁ జీల్చెను. చేయియుఁ బాదమును నెపమును జెప్పుచున్నవి. మెడయుఁ గన్నును నిజమును జెప్పుచున్నవి.

కవి చెప్పిన రెండు నెపములలో నొకదానినే యేఱుకొనుటయందును నేర్పు కలదు. కొమ్మకుఁ దగిలిన వల్కలము వెనుక నుండును. దానిని విడిపింప మొగము ద్రిప్పుట సహజము, కాఁబట్టి చూపు పట్టుపడదు. పాదమున ముల్లు నాటినవారి చూపు పాదముమీఁద నుండవలెను. ఇచటఁ జూపు వేఱొకచోట నున్నది. కథ నెఱుఁగని పల్లెబాలుఁడు సైత మీ బొమ్మను జూచి, యీమె ముంటిని దీయుట లేదని చెప్పఁగలఁడు. శకుంతల పేరును, దుష్యంతుని పేరును దెలియకున్నను నెపము నెపముగాఁ దెలియును. ఇంతవఱ కర్థము పటముదే. నాటకమునుండి యెరవు దెచ్చినది గాదు. నృత్తశాస్త్ర మెఱుఁగక చిత్రమును దెలిసికొనుట దుష్కరమని విష్ణుధర్మోత్తరము చెప్పుటలోని యాంతర్య మిట్టిచోటులందే బోధపడును.

1907లో ఆనంద కుమారస్వామియు, సోదరి నివేదితయు రవివర్మను దీవ్రముగా విమర్శించిరి. కుమారస్వామి యాతని పటములందు నాటకీయత హెచ్చనియు, భావనాశక్తి తక్కువ యనియుఁ దలఁచెను. నివేదిత కోపము శకుంతలాపత్రలేఖనచిత్రముమీఁద. నేలపై మేను వాల్చి తామరాకుపై లేఖ వ్రాయు స్త్రీని నలుగురియెదుటఁ జూపుట మర్యాద కాదని యామె యభిప్రాయము. ఈ విషయముననే యాతఁడు వ్రాసిన పటమొకటి 1876లో మదరాసు ప్రదర్శనమున బహుమానమొందెను; గవర్నరుగా నుండిన బకింగుహాం ప్రభువు దానిని గొనెను. శయనము తప్పనుట నిలువదు. తృతీయాంకమున శకుంతల పూలు పఱచిన శిలాతలమున శయనించియున్నట్లు కవియే చెప్పినాఁడు. ఆ పటములోని కొఱఁత వేఱు. అందు దాఁపు లేదు. లేఖలోని మాట చూపఱకు వినఁబడదు. వినఁబడనిదే పటమునకుఁ బ్రాణము లేదు. నాటకము చదివినవాఁడు దానిని దెచ్చి యతికింపవలెను. ఎరవుసొమ్మను నాక్షేప మచటఁ జెల్లును; ముంటినెపమునకుఁ జెల్లదు. నాటకీయత యనుట మాత్రము రెంటికిని జెల్లును గాని, నాటకమునుండి గైకొన్న వస్తువున నాటకీయత దోషమగునా యనునది వేఱు చర్చ.

ముంటిపటమునను దోషము లేకపోలేదు. ప్రథమాంకమున రాజు శకుంతల నారచీరను జూచి, యదియు నామెకు నలంకారమే యని మెచ్చుకొనును. రవివర్మ దానిని విడిచి, తన కాలపు స్త్రీలు గట్టు తీరునఁ జీర గట్టించెను. ఆ చీరతో నామె కణ్వాశ్రమమును విడిచి సంస్థానపు మేడలోని కన్నియ యైనది. దర్భలు మొలచు నేలపై దినదినమును నడచు పాదమని తోఁచిననే గదా నెపము చెల్లుట! చీర నాజూకు ఆ నమ్మికను గొంత సడలించినది. అచ్చుప్రతులవలనఁ గలిగిన చెఱుపు మఱియొకటి. 1894లో రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించినది మొదలు నాతని బొమ్మ లింటింటఁ జేరినవి, మేలే. కాని యీ పటమునకుఁ గంటికొసయే ప్రాణము. అచ్చున రంగు వెండ్రుకవాసి తొలఁగినను జూపు పాదముమీఁదికో, శూన్యముమీఁదికో పోవును. మిగులునది నిజముగా ముంటిని దీసికొను నొక పిల్ల.

మఱుసటియేఁట (1899) వ్రాసిన హంసదమయంతీచిత్రమునను నాయకుఁడు పటమున లేఁడు. శ్రీనాథుని నైషధము చదివినవారికి హంస యేమి చెప్పుచున్నదో తెలియును. తెలియనివారి కది యొక యందమైన యువతి, యొక యందమైన పక్షి. దమయంతి దాఁచుకొనునది యేమియు నాపటమునఁ గానరాదు; ఆమె చూపు హంసమీఁదనే, అనఁగా నుండవలసిన చోటనే యున్నది.