ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరు?

అనంతపురం జిల్లాలోని యాడికి చుట్టుపక్కల చెనిక్కాయ పీకే రోజుల్లో పాము మాట వినపడని ఇల్లుండదు. పీకిన చెట్టు కుప్పలుగా పడుంటుంది. ఎలుకల కోసం, చల్లదనం కోసం పాములు ఆ కుప్పల కిందికి చేరతాయి. కొన్నేళ్ల కిందట మా మేనమామను కరిచింది కూడా పొద్దు వాలిన వేళ అట్లాంటి కుప్ప ఎత్తేటప్పుడే. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చేసరికి వాపు పిక్క దాకా ఎక్కింది. ఆ రాత్రి అక్కడ చూసిన పనితనం గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

నైట్ డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు మామ చేతి నుంచి కాస్త రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, స్టాండులో నిలబెట్టి, గడియారం చూసి కేస్ షీటు మీద టైం వేసింది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదిలించకూడదు. తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే సరే. నీళ్లలా జారితే విషం రక్తం మీద పని చేస్తున్నట్టే. రక్తపింజరి కాటును చిన్న ఆసుపత్రుల్లో పసిగట్టేది ఈ పరీక్షతోనే. దీనికి మిషన్లేవీ అక్కర్లేదు. అయితే ట్యూబు గాజుదై ఉండాలి, పొడిగా ఉండాలి, సబ్బు పొడితో కడిగింది అస్సలు కాకూడదు. ప్లాస్టిక్ ట్యూబులోనూ, సబ్బు అంటిన గాజులోనూ మంచి రక్తం కూడా సరిగా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని మనిషికి విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది.

రక్తం తీయక ముందే నర్సు అడిగింది: “అక్కా, సబ్బు తగలని ట్యూబు ఉందా?”

“పై డబ్బాలో ఏరేగా పెట్టిండా సిస్టరమ్మా, కొత్తవి” అంది ఆయా.

ఒక మనిషి ప్రాణం ఆ డబ్బాను వేరేగా పెట్టడం మీద ఆధారపడి ఉందని నాకు ఆ క్షణంలో తెలియదు. ఆయాకు తెలుసు. ట్యూబును సబ్బుతో ఎందుకు కడగకూడదో ఆమెకు కూర్చోబెట్టి చెప్పింది ఆ నర్సేనని తర్వాత తెలిసింది. పని పురమాయించేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ పని ఎందుకో కూడా చెప్పేవాళ్లు తక్కువ.

రక్తం నీళ్లలా జారింది. డ్యూటీ డాక్టరు పది వయల్స్ అన్నాడు. విరుగుడు మందు చిన్న సీసాల్లో పొడిగా ఉంది. ఒక్కోదాంట్లో స్టెరైల్ వాటర్ పోసి కరిగించాలి. గిలక్కొడితే నురగ వస్తుంది కాబట్టి అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ ఉండాలి. పది సీసాలూ ఒక్కరే తిప్పుతూ కూర్చుంటే ఎంతసేపు పడుతుంది? ఈలోగా లేబర్ రూం నుంచి ఇంకో సిస్టర్ వచ్చి నిలబడింది. ఎవరూ పిలిచినట్టు నేను చూడలేదు. వాళ్లిద్దరి చేతులూ సీసాలు తిప్పుతున్నాయి, కళ్లు మాత్రం మామ మొహం మీదున్నాయి. అడ్రినలిన్ అప్పటికే సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టుకున్నారు.

మందు సగం ఎక్కిందో లేదో ఒళ్లంతా దద్దుర్లు లేచి వణుకు మొదలైంది. మొదట చూసింది కాళ్ల దగ్గర నిలబడ్డ ఆయానే. “సిస్టరమ్మా, మనిషి వణుకుతాండాడు!” అంది. నర్సు ఆ మాట పూర్తి కాకముందే డ్రిప్ ఆపేసింది. రెండో సిస్టర్ డాక్టరు కోసం పరుగెత్తింది. అడ్రినలిన్ పడింది. ఒళ్లు సర్దుకున్నాక మందు మళ్లీ మొదలైంది.

దీంట్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఆయా నోరు తెరిచి చెప్పగలగడం. వార్డులో అందరికన్నా కింది మెట్టు మీదున్న మనిషి భయపడకుండా మాట్లాడిందంటే, అంతకుముందు ఎన్నోసార్లు ఆమె మాట విన్నవాళ్లు అక్కడ ఉన్నారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్టు తెచ్చింది. కత్తి పెట్టేముందు థియేటరులో ఉన్నవాళ్లంతా తమ పేరూ తమ పనీ ఒకరికొకరు చెప్పుకోవాలన్నది దాంట్లో ఒక అంశం. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో, వాటిలో మన ఢిల్లీ కూడా ఉంది, ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. పేరు తెలిసిన మనిషిని కేకేసి ఆపడం సులువు.

పొద్దున ఎనిమిదికి డ్యూటీ మారింది. నర్సు రాత్రంతా నిలబడే ఉంది, అయినా బ్యాగు తీసుకుని వెళ్లిపోలేదు. వచ్చిన సిస్టర్‌ను మంచం దగ్గరికి తీసుకొచ్చి ఒక్కొక్కటీ అప్పజెప్పింది: ఎన్ని గంటలకు కరిచింది, ఎన్ని సీసాలు ఎక్కాయి, దద్దుర్లు ఎప్పుడు లేచాయి, మూత్రం ఎంత వచ్చింది, ట్యూబు పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయాలి. “మూత్రం తగ్గితే వెంటనే సార్‌కు చెప్పు, కిడ్నీలు జాగ్రత్త” అంది. రాసి పెట్టిన కాగితం ఉంది, అయినా నోటితోనూ చెప్పింది. ఇంకో ఆసుపత్రిలో, పేరు అనవసరం, ఇట్లా అప్పజెప్పనందువల్ల మా అమ్మకు ఒకే ఇంజెక్షన్ రెండు డ్యూటీలవాళ్లూ ఇచ్చారు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. అందుకే ఆ పొద్దుటి పది నిమిషాల విలువ నాకు బాగా తెలుసు.

మే 12 వస్తే నర్సుల దినోత్సవం చేస్తాం. అది ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. చేతిలో దీపంతో ఒంటరిగా నడిచే ఆమె బొమ్మే మన కళ్ల ముందుంటుంది. కానీ 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డవాళ్ల కోసం ఆమె స్కుటారి చేరినప్పుడు వెంట 38 మంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఆమె పేరిట మన ప్రభుత్వం 1973లో మొదలుపెట్టిన జాతీయ పురస్కారాన్ని రాష్ట్రపతి ఇస్తారు. అందుకున్న ప్రతి నర్సూ దానికి తగినవాళ్లే. మా సీమలో విన్సెంట్ ఫెర్రర్ ఫొటో పెట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి, పెట్టుకోవాల్సిందే. అయితే ఆయన సంస్థ పెట్టిన బత్తలపల్లి ఆసుపత్రిలో రాత్రీ పగలూ వార్డులు నడిపేది నర్సులు. ఆ పేర్లు ఏ గోడ మీదా ఉండవు.

యాడికి మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చీర నేసింది ఫలానాయన అంటాం. ఆ ఇంట్లో కండెలు చుట్టినామెను చీర కొన్నవాళ్లు ఎప్పుడూ అడగరు. కండె సరిగా చుట్టకపోతే పేక తెగుతుందని నేసేవాడికి మాత్రం తెలుసు.

నర్సును సన్మానించాలంటే ముందు ఆమె తర్వాత డ్యూటీ ఎక్కేవాళ్లను అడగాలని నా అభిప్రాయం. ఆమె దిగిపోయాక మీ పని తేలికవుతుందా, బరువవుతుందా? ఆయాను అడగాలి, ల్యాబ్ అబ్బాయిని అడగాలి. రోగి చూసేది ఒక రాత్రి. వాళ్లు చూసేది ఏళ్లతరబడి.

మామ కోలుకుని ఇంటికొచ్చిన వారానికి మేము శాలువా, పండ్లు తీసుకుని వెళ్లాం. నర్సు కాదనకుండా కప్పించుకుంది. “ఆ రాత్రి డ్యూటీలో ఐదుమందిమి ఉండామన్నా” అని మాత్రం అంది. మిగతా నలుగురి పేర్లు నాకు అప్పటికి తెలియవు. డ్యూటీ రిజిస్టరు తెప్పించి చూపించింది. ఇద్దరు స్టాఫ్ నర్సులు, డ్యూటీ డాక్టరు, అర్ధరాత్రి లేచొచ్చి శాంపిల్ తీసుకెళ్లిన ల్యాబ్ టెక్నీషియన్, ఒక ఎఫ్ఎన్ఓ. ఆ ఎఫ్ఎన్ఓ మన ఆయానే. ఐదు పేర్లూ రాసుకుని, ఇంటికొచ్చి పెద్ద డాక్టరు గారికి ఉత్తరం రాశాను.

మీవాళ్లెవరైనా ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికొస్తే, డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. గండం గడిచిన ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరున్నారో అడిగి, పేర్లన్నీ రాసుకోండి. ఆయా పేరుతో సహా.